మూడోవాడిని మరవకు బిడ్డా

హన్మకొండ

బిడ్డా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి కొంచెం నయం. నిన్న సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్ట కాడ ఇసుక వేస్తే రాలనంత జనం. నీ పేరున మీ అమ్మ చిన్న బతుకమ్మ కూడా పేర్చింది. తంగేడు దొరక్క గునుగుపూలతోనే నింపింది. ఎంగిలిపూల నాడు అమావాస్య కదా, నిన్నటికి సగం చంద్రుడు వచ్చాడు. చూడగానే నువ్వు చేస్తున్న బొమ్మల సినిమా యాదికొచ్చింది.

శంకరన్న చిన్నకొడుకు ఒక మాట చెప్పాడు. నువ్వు స్టూడియోలో ఉద్యోగం మానేసి, ఆ సినిమా ఒక్కదాని మీదే కూర్చున్నావట. అది అడగడానికి ఈ ఉత్తరం రాయట్లేదు. నీ గొంతు విని పందొమ్మిది రోజులైంది, అందుకు.

నువ్వు పంపిన ఇరవై సెకన్ల ముక్క రోజూ చూస్తున్నా. చంద్రుడి మీదికి అందరికన్నా ముందు మన వాడకట్టు ముసలవ్వ పోయినట్టు, నెత్తిన బతుకమ్మతో దిగినట్టు ఊహించావు. చాలా నచ్చింది. కానీ ఆమె కొంగు గాలికి ఎగురుతోంది. అక్కడ గాలి లేదు బిడ్డా. ఆమె అడుగు వేస్తేనే కొంగు కదలాలి, మెల్లగా కిందికి దిగాలి. మన బరువు అక్కడ ఆరో వంతే. ఆకాశం పట్టపగలు కూడా నల్లగానే ఉండాలి, నువ్వు నీలం వేశావు.

1969 జూలై 21, సోమవారం. నాకు తొమ్మిదేళ్లు. తెలంగాణ ఉద్యమంతో బడులు సరిగ్గా నడవని రోజులు. మా ఇంట్లో రేడియో లేదు, పక్కింటి అరుగు మీద వాడంతా కూర్చుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టేసరికి మనకు పొద్దున 8 గంటల 26 నిమిషాలు. వార్త వినగానే బయటికి ఉరికి ఆకాశం చూశాను, చంద్రుడే లేడు. మీ నాయినమ్మ పిండి చేతులతోనే వచ్చి మీ తాతను అడిగింది, "ముగ్గురు పోయారంటివి, ఇద్దరే దిగిరి, మూడోవాడేడి?" అని. అతను పైనే చుట్లు తిరుగుతున్నాడని తాత చెప్పాడు. "ఒక్కడేనా? అన్నం తిన్నాడా?" అంది. తాత కసిరాడు. ఆ రాత్రి దాబా ఎక్కి, మబ్బుల సందున చంద్రుడు కనపడేదాకా నిలబడింది. నన్ను వేలు పెట్టి చూపనివ్వలేదు. మర్నాడూ అంతే. 24 రాత్రి వాళ్లు సముద్రంలో క్షేమంగా దిగారని మర్నాడు పొద్దున తెలిస్తే, భద్రకాళి గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

ఆ మూడోవాడు మైకేల్ కాలిన్స్. చంద్రుడి వెనక్కి పోయినప్పుడల్లా సుమారు 48 నిమిషాలు ఎవరి మాటా అతనికి అందేది కాదు, అతని మాట ఎవరికీ అందేది కాదు. కిందివాళ్లకు అది ముందే తెలుసు, అందుకే నిబ్బరంగా ఉన్నారు. మాకు నువ్వు ఆ ముక్క కూడా చెప్పలేదు. నీ సినిమాలో అవ్వ కోసం పైన కాచుకుని ఉండేవాడిని ఒకడిని వెయ్యి.

సెకనుకు 24 ఫ్రేములని నువ్వే చెప్పావు. ఐదు నిమిషాలకు 7,200. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా 3,600 బొమ్మలు. ఒక్కదానివి ఎట్లా వేస్తావు? కళ్లేం కావాలి, నడుమేం కావాలి? చెప్పొద్దనుకున్నా గానీ చెబుతున్నా. 1902లోనే చంద్రుడి మీదికి పోయే సినిమా తీసిన మెలియెస్‌కు సొంత స్టూడియో ఉండేది. అంతటివాడు చివరికి పారిస్ రైల్వే స్టేషన్‌లో ఆటబొమ్మల కొట్టు నడుపుకుని బతికాడు. నిన్ను భయపెట్టాలని కాదు. ఆరు నెలల కిరాయి పక్కన పెట్టుకో. లేకుంటే నన్ను అడుగు. పీఎఫ్ డబ్బులు మాత్రం తియ్యకు. ఉద్యోగం మానితే మానావు, ఆ మాట శంకరన్న ఇంటి నుంచి కాక నీ నోట వినాలని ఉంది.

రాజన్న రేపు పట్నం వస్తున్నాడు. మలీద ముద్దలు, సత్తుపిండి, పచ్చడి సీసా పంపుతున్నా. సీసా మూత చుట్టూ గుడ్డ కట్టాను, నిలువుగానే పట్టుకో. కంటి చుక్కల మందు అడుగున ఉంది. ఉప్పల్‌లో బస్సు దిగగానే నీకు ఫోన్ చేస్తాడు, ఎత్తు. తర్వాత నాకు చెయ్యి. రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటా.

నాయిన