ఇంజరం, యానాం, ఎదుర్లంక: ఆ మంగళవారం నన్ను నడిపించినవాళ్ళకి

చొల్లంగి అమావాస్య నాడు తుల్యభాగలో మునిగి బయల్దేరాను. భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరి, వాసిష్ఠిలో స్నానం చేసి, నరసింహస్వామి రథం చూసి ఇంటికొచ్చాను. గోదావరి ఏడు పాయల దగ్గరా స్నానాలు చేస్తూ సాగే సప్తసాగర యాత్ర ఇది. వీలైనంత మేర నడిచే చేశాను. దారి పొడుగునా అన్నం పెట్టినవాళ్ళు, పడుకోడానికి చోటిచ్చినవాళ్ళు చాలామంది. అందరికీ దండాలు. కానీ మూడో రోజు, మంగళవారం ఎదురైనవాళ్ళ గురించి విడిగా రాయాలి. వాళ్ళు ఆగి పట్టించుకోకపోతే నేను అంతర్వేది చూసేవాణ్ణి కాదు.

ఆ రోజు నడక మా మామ్మ కోసం. మామ్మ పెళ్ళి 1933లో యానాంలో జరిగింది, అప్పటికి ఆవిడకి తొమ్మిదేళ్ళు. శారదా చట్టం వచ్చాక ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో పద్నాలుగేళ్ళు నిండని పిల్లకి పెళ్ళి చేస్తే కేసు. యానాంలో ఫ్రెంచివాళ్ళ పాలన కాబట్టి ఆ చట్టం అక్కడ లేదు. అందుకని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లల్ని బళ్ళెక్కించుకుని హద్దు దాటి వెళ్ళి తాళి కట్టించేవారు. మామ్మకి పెళ్ళి గుర్తులేదు, బండిలో నిద్రపోవడం గుర్తుంది. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆవిడ గొంతు మారేది. ఆ హద్దుని ఒకసారి నా కాళ్ళతో దాటాలని చాలా ఏళ్ళ కోరిక.

సోమవారం కోరంగిలో ఆత్రేయ స్నానం అయింది. 1789లోనూ, 1839లోనూ ఉప్పెనలు ముంచేసిన రేవు అది. ఇక్కడి ఓడలెక్కి బర్మా వెళ్ళిన మనవాళ్ళని అక్కడ కోరంగీలనేవారు. ఆ రాత్రి తాళ్ళరేవులో పడుకుని, తెల్లవారుజామునే ఇంజరం వైపు నడక మొదలుపెట్టాను.

నాకు షుగర్ ఉంది. పాదాల్లో స్పర్శ తగ్గింది. కొత్త బూట్లు మడమని కోసేసిన సంగతి నాకు తెలియనే లేదు. ఇంజరంలో గుమ్మం ముందు ముగ్గేస్తున్న ఒకావిడ తలెత్తి, "ఏవండీ, మీ కాలు సూసుకున్నారా అండి? రక్తం కారతంది" అన్నారు. చూసుకుంటే మేజోడు మడమ దగ్గర తడిసి ముద్దయింది. నాకు కాళ్ళు వణికాయి. షుగర్ ఉన్నవాళ్ళకి కాలి పుండంటే ఎంత టెన్షనో అనుభవించినవాళ్ళకే తెలుసు. మా నాన్నగారికి రెండు వేళ్ళు తీసేశారు.

ఆవిడ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి కోడల్ని కేకేశారు. ఆ అమ్మాయి ఆశా కార్యకర్త. కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగి, మందు రాసి, గాజు గుడ్డతో కట్టు కట్టింది. టీటీ ఇంజక్షన్ ఎప్పుడు చేయించుకున్నారని అడిగింది. మూడు నెలల కిందటే అయిందని చెప్పాక ఊరుకుంది. "ఆ బూట్లు ఇంక వెయ్యకండి బాబాయిగారూ, వొట్టి కాళ్ళతోనూ నడవకండి" అని, వాళ్ళ మావగారి మెత్తటి చెప్పుల జత తెచ్చి తొడిగింది. మడమని ఎక్కడా తగలవవి. మిగిలిన దారంతా వాటితోనే నడిచాను. అత్తగారు వేడి మినపరొట్టె, కొబ్బరి పచ్చడి పెట్టి తినేదాకా కదలనివ్వలేదు. మధ్యాహ్నానికని స్టీలు డబ్బాలో ఇంకో ముక్క సర్ది ఇచ్చారు. డబ్బులు తియ్యబోతే, "యాత్ర సేసేవాళ్ళ దగ్గర పుచ్చుకుంటామా అండి" అన్నారు.

ఒకప్పుడు ఆ ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీ బట్టల కొఠీ ఉండేది. పక్కనే యానాంలో ఫ్రెంచివాళ్ళది. వాళ్ళు 1723లో వచ్చి, మధ్యలో వదిలేసి, 1731లో మళ్ళీ పాతుకున్నారు. ఎక్కడో ఐరోపాలో యుద్ధమొస్తే ఇక్కడ ఇంగ్లీషువాళ్ళు యానాం పట్టుకునేవారు. సంధి కుదిరితే తిరిగి ఇచ్చేసేవారు. నేత మాత్రం రెండు చోట్లా మన సాలెవాళ్ళదే.

హద్దు దాటినట్టు నాకు తెలిసింది బండ్ల నంబరు పలకల మీద పుదుచ్చేరి గుర్తు పీవై కనిపించినప్పుడు; యానాం ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. అక్కడే కాసేపు నిలబడ్డాను. మామ్మ నిద్రలో దాటిన చోటు ఇదే అయి ఉంటుంది.

యానాంలో గోదావరి గట్టు మీద ఒక పెద్దాయన పరిచయమయ్యారు. 1954లో ఆయనకి తొమ్మిదేళ్ళు. పెళ్ళిబళ్ళ గురించి అడిగితే, వాళ్ళమ్మ చెప్పినవన్నీ చెప్పారు: ముహూర్తాల రోజుల్లో ఊరంతా బళ్ళేనట, ఒకే పందిట్లో రెండు మూడు పెళ్ళిళ్ళట. మంగళవారం సంతకి విదేశీ సరుకు కోసం హద్దు అవతల నుంచి జనం విరగబడేవారట. 1954లో హద్దు మూసేశాక సరుకు రాక ఇంట్లో పడ్డ ఇబ్బంది, జూన్ 13న దడాల రాఫేల్ రమణయ్యగారు దళంతో వచ్చి ఊరిని ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి తప్పించడం, కాగితాల మీద ఆ బదిలీ పూర్తవడానికి 1962 దాకా పట్టడం, అన్నీ నెమ్మదిగా చెప్పారు. కర్ర పట్టుకుని నాతో నడిచి, 1846లో కట్టిన చర్చి దాకా తీసుకెళ్ళి చూపించారు. ఆయన్ని నేనేమీ సాయం అడగలేదు. కానీ మామ్మ మాటల్ని నిజంగా విన్నది నేను ఆ పూటే. అయ్యా, మీకు నమస్కారం.

వంతెన మొదట్లో కుంటుతున్న నన్ను చూసి ఒక ఆటో అబ్బాయి ఆపాడు. నడిచే దాటతానన్నాను. "అయితే సంచి ఇవ్వండి, ఎదుర్లంక టీకొట్లో ఇచ్చేసి పోతాను" అన్నాడు. తెలియని మనిషి చేతికి సంచి ఇచ్చేశాను. అందులోనే నా మందులూ, తినేవీ ఉన్నాయి. నా తప్పు అదే.

బాలయోగిగారి పేరున్న వంతెన అది. 2002లో వంతెన వచ్చేదాకా గౌతమిని పంటు మీదే దాటేవారు. సగం దాకా వచ్చేసరికి చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు మసకబారాయి. షుగర్ పడిపోతోంది. లారీలు పక్కనుంచే పోతున్నాయి. రెయిలింగ్ పట్టుకుని కూలబడ్డాను. సంతలో చేపలమ్ముకుని ఖాళీ గంపలతో ఇంటికి నడిచిపోతున్న ఇద్దరు ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఒకామె చక్కెరకేళి వలిచి నోట్లో పెట్టింది, ఇంకొకామె గంప అడ్డుపెట్టి లారీల వైపు నిలబడింది. పిల్లలకని కొనుక్కున్న పళ్ళవి. మూడు నాకే పెట్టారు. కాస్త తేరుకున్నాక చెరో పక్కన నడుస్తూ అవతలి ఒడ్డుకి చేర్చారు. టీకొట్లో నా సంచి భద్రంగా ఉంది. ఆటో అబ్బాయి అప్పటికే వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మురమళ్ళలో వీరేశ్వరస్వామి కల్యాణం చూస్తూ కూర్చున్నాను. కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

వాళ్ళ పేర్లు రాయడం లేదు, అడిగి తెలుసుకోనివి కొన్ని, రాయొద్దన్నవి కొన్ని. మీలో ఎవరైనా ఎదుర్లంక వైపు వాళ్ళయితే ఆ అక్కాచెల్లెళ్ళకీ, యానాం ఆటో స్టాండులో ఆ అబ్బాయికీ ఇది చదివి వినిపించండి.

కాలి పుండు మానింది. ఇంజరం అమ్మగారి స్టీలు డబ్బా నా దగ్గరే ఉంది, చెప్పులూ ఉన్నాయి. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదనేది మా మామ్మ. వచ్చే మంగళవారం ఆత్రేయపురం పూతరేకులు నింపి తెస్తున్నాను.