కొత్త మైక్ కొనేముందు మీ ల్యాప్‌టాప్ ఒకసారి చూపించండి

భీమవరంలోను, చుట్టుపక్కల ఊళ్లలోను ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునే మా కస్టమర్లందరికీ నమస్కారం అండి. ఈ నెల నుంచి షాపులో రెండు మార్పులు. మైక్ పోయింది, కొత్తది ఇవ్వండి అని వచ్చినవాళ్లకు ముందు కంప్యూటర్ చూడకుండా మైక్ అమ్మం. ఇన్నాళ్లూ ఊరికే చేసిపెట్టిన సౌండ్ సెట్టింగులకు ఇకపై 150 రూపాయలు తీసుకుంటాం. మొదటిదాంతో నాకు అమ్మకం తగ్గుతుంది, రెండోదాంతో కొందరికి కోపం వస్తుంది. తెలిసే చెప్తున్నాను.

కార్తీక మాసం భజనలు మొదలుకొని క్రిస్మస్ పాటల దాకా మా దగ్గరకు వచ్చే మైకుల్లో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. మీరు మైక్ పెట్టినా విండోస్ మాత్రం ల్యాప్‌టాప్‌లో ఉన్న చిన్న మైకునే వింటూ ఉంటుంది. రికార్డింగ్ పెట్టి ల్యాప్‌టాప్ అంచు మీద గోరుతో గీకండి, తర్వాత మైక్ జాలీ మీద గీకండి. ఏది గట్టిగా వినబడితే అదే పనిచేస్తున్నట్టు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్, కింద ఇన్‌పుట్ దగ్గర మీ మైక్ ఎంచుకోండి. ఆడాసిటీ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ విడిగా ఎంచుకోవాలి, చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. అసలు శబ్దమే రాకపోతే ప్రైవసీలో మైక్రోఫోన్ అనుమతి ఆఫ్‌లో ఉందేమో చూడండి.

సంగీతం నేర్చుకునేవాళ్లు ఇది కాస్త శ్రద్ధగా చదవాలి. పాలకొల్లు నుంచి వచ్చిన ఒక టీచరు గారి రికార్డింగులో తంబుర మొదట్లో వినిపించి, కాసేపటికి మాయమైపోయేది. ఆవిడ శ్రుతి బాక్స్ మార్చేద్దామనుకున్నారు. తప్పు దానిది కాదు, ల్యాప్‌టాప్‌లో చుట్టుపక్కల మోతలు తీసేసే నాయిస్ సప్రెషన్‌ది. అది మాటల కోసం చేసింది. ఆగకుండా ఒకేలా మోగే శబ్దాన్ని ఫ్యాను మోత అనుకుని తీసేస్తుంది. ఆగకుండా ఒకేలా మోగడమే కదా మన తంబుర పని! ఆటోమేటిక్ గెయిన్ దీనికి తోడు: మెల్లగా పాడినచోట లేపుతుంది, పై షడ్జమం అందుకోగానే నొక్కేస్తుంది. ఎత్తుపల్లాలన్నీ చదునైపోతాయి. విండోస్ 11లో ఆ మైక్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేయండి. ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన నాయిస్ యాప్ ఉంటే అందులోనూ ఆపాలి.

మైక్ శబ్దాన్ని పెంచే మైక్ బూస్ట్ అనే సెట్టింగును 30 డెసిబెల్స్‌కు తోసేస్తే గొంతుతోపాటు బుస్సుమనే శబ్దం కూడా పెరుగుతుంది. బూస్ట్ తగ్గించి, మీరు పాడే అతి గట్టి స్వరం మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండేలా లెవెల్ పెట్టుకోండి. లెవెల్‌కు పైహద్దు సున్నా, దాన్ని తాకి చిట్లిన గొంతును మళ్లీ శుభ్రంగా తెచ్చుకోలేం. బ్లూటూత్ హెడ్‌సెట్ మైకుతో పాటలు వద్దు, అది ఫోన్ మాటలకే సరిపోతుంది.

గుయ్‌మనే మోత వస్తుంటే ఛార్జర్ తీసి బ్యాటరీ మీద రికార్డు చేయండి. పోయిందంటే కరెంటు వైపు చూడాలి, ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. రొయ్యల చెరువుల పక్కన ఉన్న ఇళ్లలో నీళ్లలోకి గాలి పట్టించే ఏరేటర్ల మోతకు మాత్రం సెట్టింగు లేదండి. కిటికీలు వేసి మైక్‌కు దగ్గరగా జరగండి. దూరం సగమైతే మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఏరేటర్ మోత ఉన్నంతే ఉంటుంది.

కొనాల్సిన సందర్భాలూ ఉంటాయి. స్టూడియో కండెన్సర్ మైకులు చాలావాటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే కేబుల్‌లోంచే మైక్‌కు అందే కరెంటు కావాలి, ల్యాప్‌టాప్ జాక్ దాన్ని ఇవ్వదు. అప్పుడు ఆ పవర్ ఇచ్చి మైక్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ అనే పెట్టె కొనమనే చెప్తాను, మొహమాటం లేదు.

పైవన్నీ ఇంట్లో చూసుకుని సరిపోతే షాపుకు రానక్కర్లేదు, 150 మిగిలినట్టే. రావాల్సి వస్తే ల్యాప్‌టాప్ ఒక్కటే కాదు, మైక్, కేబుల్, ఛార్జర్ కూడా తీసుకురండి. పాడైన రికార్డింగ్ చెరిపేయకండి, ముందు వినేది దాన్నే.