ఐదో ఉత్తరం: కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

ఇది నేను మీకు రాస్తున్న ఐదో ఉత్తరం. మొదటి రెండూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు తిరిగొచ్చాయి, వాటి మీద మీ ఆఫీసు ముద్ర చక్కగా పడింది. మూడోది పోర్టల్లో పెట్టాను. నెల దాటాక "సంబంధిత విభాగానికి పంపడమైనది" అని మెసేజ్ వచ్చింది. అదే సాయంత్రం ఫిర్యాదు పరిష్కారమైందని ఇంకో మెసేజ్. ఆ పరిష్కారమేమిటో నాకూ ఎవరైనా చెబితే సంతోషిస్తాను. నాలుగోదానికి ఆ పాటి మెసేజూ లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేచోట రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. ఖమ్మంలో ఇరవై ఆరేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మందులకు లొంగని బ్యాక్టీరియా గురించి మీకు పాఠం చెప్పేంతవాణ్ని కాను, దాని మీద రెండు జాతీయ ప్రణాళికలు తెచ్చింది మీ ప్రభుత్వమే. నేను చెప్పేది మా అక్క సంగతి.

అక్కకు షుగర్. కిడ్నీలో రాయి అడ్డం పడి జ్వరమొస్తే హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చాం. రాయి తీశారు, స్టెంట్ వేశారు, ఎల్లుండి ఇంటికి వెళ్లొచ్చన్నారు. ఆ రాత్రే చలి, వణుకు. తెల్లారేసరికి బీపీ పడిపోయి ఐసీయూలో ఉంది. ఏ బ్యాక్టీరియానో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం పంపి, రిపోర్టు వచ్చేలోపు మెరోపెనెం అనే పెద్ద యాంటీబయోటిక్ ఎక్కించారు. మూడో రోజు రిపోర్టు నా చేతికిచ్చారు. పైన క్లెబ్సియెల్లా న్యుమోనియే అని బ్యాక్టీరియా పేరు ఉంది. కింద పదిహేడు మందుల పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక్కో అక్షరం. ఆర్, ఆర్, ఆర్. అంటే రెసిస్టెంట్, మందుకు లొంగదని. నా షాపు అరల్లో ఉన్నవీ, నేను పేరు మాత్రమే విన్నవీ, అన్నిటి పక్కనా ఆర్ అనే ఉంది. ఒక్క కోలిస్టిన్ పక్కన మాత్రం ఐ, అంటే ఇంటర్మీడియట్, అటూ ఇటూ కానిది. పని చేస్తుందంటే ఎస్ అని ఉండాలి కదమ్మా అని జూనియర్ డాక్టరమ్మను అడిగాను. "కోలిస్టిన్‌కి ఇప్పుడు ఎస్ అని ఇవ్వరంకుల్. దానికి ఐ వచ్చిందంటే అదే గొప్ప" అంది.

కోలిస్టిన్ 1950ల నాటి మందు. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టేసినదే. కిడ్నీ జబ్బుతో వచ్చిన మనిషికి దాన్నే ఎక్కించారు. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల చేతిలో ఇంకేముంది? కిడ్నీలు దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ 1.4 నుంచి ఆరు రోజుల్లో 4.6కు పోయింది. డయాలసిస్ మొదలైంది. వయల్ వేలల్లో పలికే కొత్త మందును అజ్‌ట్రియోనామ్ అనే ఇంకో యాంటీబయోటిక్‌తో కలిపి కూడా చూశారు. ఆ బ్యాక్టీరియా దగ్గర యాంటీబయోటిక్స్‌ను విరగ్గొట్టే ఎన్‌డీఎం ఎంజైము ఉందట. ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ, మీ ఆఫీసున్న ఊరే.

షాపువాణ్ని కాబట్టి ఖాళీ వయల్స్ లెక్కపెట్టి బిల్లుతో సరిచూడటం నాకు అలవాటు. ఐసీయూ సిస్టరు రోజూ విసుక్కుంటూనే సంచి చూపించేది. ఇరవై ఒకటో రోజు పొద్దున అక్క పోయింది. ఆ రోజు కూడా లెక్కపెట్టాను. సరిపోయింది.

నేనూ సుద్దపూసను కాను. డాక్టర్ చీటీ లేకుండా సెఫిక్సిమ్ అనే యాంటీబయోటిక్ స్ట్రిప్పులు అమ్మాను. ఇలాంటి మందులు ఎవరికి అమ్మామో రాసే హెచ్-1 రిజిస్టరును 2014లో తప్పనిసరి చేశాక, నెల మొత్తం ఎంట్రీలు ఒకే రాత్రి కూర్చుని రాసిన సందర్భాలున్నాయి. నా పాపంలో వాటా నేను మోస్తాను. మీ వాటా సంగతి అడుగుదామనే ఈ ఉత్తరం.

"ఈ క్లెబ్సియెల్లా మీద యాంటీబాడీ మందు ఏదైనా ఉంటే ఎంత బాగుండేదో" అని ఆ డాక్టరమ్మ ఒక రాత్రి అంది. అప్పటినుంచి షాపు కట్టేశాక అదే చదువుతున్నాను. యాంటీబాడీ అంటే రోగక్రిమిని పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీను. దాన్ని మందుగా వాడటం కొత్తదేమీ కాదు సార్. సీరంతో జబ్బును అడ్డుకోవచ్చని 1890లోనే బేరింగ్, కిటసాటో అనే శాస్త్రవేత్తలు చూపించారు. కంఠసర్పికి (డిఫ్తీరియాకు) ఇచ్చే సీరం, పాముకాటు సూది, అన్నీ గుర్రం రక్తంలోంచి తీసిన యాంటీబాడీలే. ఇప్పుడు గుర్రంతో పని లేకుండా ల్యాబులో కణాల చేత తయారు చేయిస్తున్నారు. బ్యాక్టీరియా పైతొడుగును పట్టుకుని దాన్ని తెల్లకణాలకు అప్పగించడమో, అది వదిలే విషాన్ని అడ్డుకోవడమో యాంటీబాడీ పని. యాంటీబయోటిక్‌ను విరగ్గొట్టే ఎంజైము దీన్ని ఏమీ చేయలేదు. కిడ్నీలనూ కోలిస్టిన్‌లా పాడుచేయదు.

సులువని అనను. క్లెబ్సియెల్లాకు తొడుగులే డెబ్బైకి పైగా రకాలు, ఒకదానికి చేసింది ఇంకోదానికి అతకదు. స్టఫైలోకాకస్ అనే ఇంకో బ్యాక్టీరియా మీద ప్రయత్నించినవి పెద్ద పరీక్షల్లో తప్పాయి కూడా. ఒక్క సూదితో అంతా నయమైపోతుందని నేను అనడం లేదు.

కానీ నెగ్గినదాని గతి చూడండి. సి. డిఫిసిల్ అనే బ్యాక్టీరియాతో వచ్చే విరేచనాలు తిరగబెట్టకుండా బెజ్లోటాక్సుమాబ్ అనే యాంటీబాడీకి 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2025 జనవరిలో కంపెనీయే ఆపేసింది, వ్యాపార నిర్ణయమట. అదే అమెరికాలో ఆంత్రాక్స్ యాంటీబాడీకి 2012లో అనుమతి వచ్చింది. రోగులు లేకపోయినా, ఎవరైనా ఆంత్రాక్స్ బ్యాక్టీరియాను ఆయుధంగా చల్లుతారేమోనన్న భయంతో ప్రభుత్వమే కొని గోదాముల్లో నిల్వ పెట్టుకుంది. మార్కెట్‌కు వదిలేసిన మందు పోయింది, సర్కారు కొన్నది నిలిచింది. ఇంగ్లండ్‌లో రెండు కొత్త యాంటీబయోటిక్స్‌కు 2022 నుంచి ఎంత వాడారన్న లెక్కతో పని లేకుండా ఏడాదికింత అని కడుతున్నారు. షాపువాడికి అర్థమయ్యే లెక్కే ఇది. తక్కువమందికి, తక్కువ రోజులు వాడే సరుకును ముందే కొంటానని మాట ఇవ్వకపోతే ఎవరు తయారు చేస్తారు?

మనకు చేతకాదా అంటే, కుక్కకాటుకు వాడే, ఇలా ల్యాబులోనే తయారయ్యే మోనోక్లోనల్ యాంటీబాడీ పుణెలో సీరం ఇన్‌స్టిట్యూట్ చేస్తోంది, అహ్మదాబాద్ జైడస్ కూడా చేస్తోంది. నా షాపు ఫ్రిజ్‌లోనే ఉంది. పిచ్చికుక్క కాటుకు చేసినవాళ్లం క్లెబ్సియెల్లాకు ఎందుకు చేయలేం?

మీ మొదటి ప్రణాళికలో, అంటే 2017 నాటిదాంట్లో, పరిశోధనలకు, కొత్త మందులకు పెట్టుబడి అని ఐదో ప్రాధాన్యంగా రాశారు. దాని గడువు 2021తో అయిపోయింది. రెండో ప్రణాళిక విడుదలైంది 2025 నవంబరులో. మధ్యలో నాలుగేళ్లు బ్యాక్టీరియా మీ కోసం ఆగిందనుకున్నారా? మందుల కంపెనీల మురుగులో యాంటీబయోటిక్స్‌కు పరిమితులు పెడతామని 2020 జనవరిలో ముసాయిదా వచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయం. అది పర్యావరణ శాఖ అంటారు, తెలుసు. హైదరాబాద్ పక్కన మందుల కంపెనీలున్న పటాన్‌చెరు నీళ్లకు మాత్రం ఏది ఏ శాఖో తెలియదు.

మిమ్మల్ని అడిగేది ఏమిటంటే, దయచేసి ఏదో ఒకటి చేయండి. ఈ యాంటీబాడీలు మన దేశంలో తయారైతే ముందుగా ఇన్ని డోసులు ప్రభుత్వం కొంటుందని ఒక కాగితం మీద రాయండి. మన ఆసుపత్రుల్లో ఏ రకం క్లెబ్సియెల్లా తిరుగుతోందో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేత లెక్క తీయించి, పని మొదలుపెట్టేవాళ్లకు ఇవ్వండి. కల్చర్ రిపోర్టుకు మూడు రోజులు పట్టకుండా చూడండి, ఏ బ్యాక్టీరియానో తెలియకుండా యాంటీబాడీ వచ్చినా ఎక్కించలేరు. ఎంత ఖర్చవుతుందో నాకు తెలియదు. మా అక్కకు ఇరవై ఒక్క రోజులకు ఎంతైందో మాత్రం రూపాయితో సహా చెప్పగలను, బిల్లులన్నీ నా దగ్గరే ఉన్నాయి.

దీన్ని కూడా సంబంధిత విభాగానికి పంపుతారేమో, పంపండి. ఈసారి ఆ విభాగం పేరైనా రాయండి. ఆరో ఉత్తరం నేరుగా వాళ్లకే రాసుకుంటాను.

ఇట్లు,
ఖమ్మంలో ఒక మందుల షాపు యజమాని