రగ్బీ పోటీలకు ముందు పిల్లలకు పడటం నేర్పాలి

సంపాదకులు గారికి,

నమస్కారములు. అనంతపురం జిల్లాలోని ఉన్నత పాఠశాలల జట్లకు ఈ చలికాలంలో రగ్బీ సెవెన్స్ పోటీలు పెట్టాలన్న ఆలోచన మా వ్యాయామ ఉపాధ్యాయుల మధ్య కొంతకాలంగా నడుస్తున్నది. 29 ఏళ్లపాటు ప్రభుత్వ పాఠశాలల్లో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ నేర్పి పదవీ విరమణ చేసినవాడిగా ఆ ఆలోచనను నేను మనసారా బలపరుస్తున్నాను. పోటీ జరగాలి. కానీ తేదీ ప్రకటించి, కప్పు కొని, ముఖ్య అతిథిని పిలిచిన తరువాత పిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టే పద్ధతిలో మాత్రం జరగకూడదు. ఈ ఆటలో ఒక పిల్లవాడు వేగంగా పరుగెత్తే మరో పిల్లవాడిని పట్టి నేలకు దించుతాడు. పట్టడం, పడటం రాని పిల్లలను మైదానంలోకి పంపడమంటే వాళ్ల తలలతో, మెడలతో చెలగాటమాడటమే. ఈ మాట జిల్లాలోని ప్రధానోపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, క్రీడాధికారులకు మీ పత్రిక ద్వారా చేరాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఆట తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. రగ్బీలో సాధారణంగా జట్టుకు 15 మంది ఉంటారు, సెవెన్స్‌లో ఏడుగురే. మైదానం మాత్రం తగ్గదు, గోల్ గీతల మధ్య సుమారు 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు ఉంటుంది. 7 నిమిషాల చొప్పున రెండు సగాలు, నడుమ 2 నిమిషాల విరామం. కోలగా ఉండే బంతిని చేతపట్టుకొని పరుగెత్తవచ్చు, కాలితో తన్నవచ్చు. తోటి ఆటగాడికి చేత్తో అందించేటప్పుడు మాత్రం పక్కకో వెనక్కో వేయాలి, ముందుకు వేయకూడదు. ఎదుటి జట్టు గీత దాటి బంతిని నేలకు తాకిస్తే దాన్ని ట్రై అంటారు, దానికి 5 పాయింట్లు. 1883లో స్కాట్లండ్‌లోని మెల్రోజ్ అనే చిన్న పట్టణంలో నెడ్ హేగ్ అనే మాంసం వ్యాపారి తమ క్లబ్బుకు నిధులు సమకూర్చడానికి ఒకే పూటలో పలు జట్లను ఆడించాలనుకొని, 15 మందితో అది సాధ్యపడదని గ్రహించి, జట్టును ఏడుగురికి కుదించాడు. ఈ ఆట పుట్టిందే ఒక్కరోజు పోటీ కోసమన్నమాట. 2016 రియో ఒలింపిక్స్‌లో పురుషులకూ మహిళలకూ ఒకేసారి దీన్ని చేర్చారు. ఆ ఏడాది పురుషుల స్వర్ణం గెలిచిన ఫిజీకి ఒలింపిక్స్ చరిత్రలోనే అది తొలి పతకం.

మన పిల్లలకు ఈ ఆట అందనిదేమీ కాదు. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివే ఒడిశా ఆదివాసీ పిల్లలు 2007లో లండన్‌లో జరిగిన 14 ఏళ్లలోపు అంతర్జాతీయ పాఠశాలల పోటీలో విజేతలుగా నిలిచారు. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ఆరు జట్లు ఆడితే వాటిలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. ఆ ఆటలు టీవీలో చూసి నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోన్ చేసి, "సార్, ఇది మన చెడుగుడే కదా, బంతి ఒకటి ఎక్కువ, అంతే" అన్నాడు. ఉత్సాహంతో అన్న మాట అది, నాకూ సంతోషమే కలిగింది. అయితే కబడ్డీ వచ్చినవాడికి రగ్బీ వచ్చినట్టేనన్న ఆ నమ్మకమే ఎంత ముప్పు తెస్తుందో నేను కళ్లారా చూశాను.

రెండేళ్ల కిందట ఒక ఊళ్లో ఇటువంటి పోటీ చూడటానికి నన్ను పిలిచారు. ఊరి పేరు గానీ, నిర్వహించినవారి పేరు గానీ చెప్పను; వాళ్ల ఉద్దేశం మంచిదే. ఫిబ్రవరి నెలాఖరు. ఉదయం తొమ్మిదింటికి మొదలుకావలసిన ఆట ఉపన్యాసాలు, సన్మానాలు ముగిసేసరికి పన్నెండు దాటింది. పిల్లలు అప్పటికి మూడు గంటలుగా ఎండలో వరుసల్లో నిలబడి ఉన్నారు. చాలామందికి ఆ బంతిని పట్టుకున్న అనుభవం పది రోజులది. రెండో ఆటలో తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు, కబడ్డీలో మంచి డిఫెండర్, అలవాటు ప్రకారం వంగి ఎదుటివాడి చీలమండ అందుకోబోయాడు. పరుగెత్తే కుర్రవాడి మోకాలు వాడి కణతకు తగిలింది. కాసేపు కదలకుండా పడుకున్నాడు. ముఖాన నీళ్లు చల్లి లేపారు, జనం చప్పట్లు కొట్టారు, వాడు మళ్లీ ఆటలోకి వెళ్లాడు. విరామంలో నా దగ్గరికి వచ్చి "మనం ఏ వైపు ఆడుతున్నాం సార్?" అని రెండుసార్లు అడిగాడు. తిరుగు ప్రయాణంలో ఆటోలో వాంతి చేసుకుంటే నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లారు. రాత్రంతా అక్కడే ఉంచి, మర్నాడు పంపారు. దేవుడి దయవల్ల కోలుకున్నాడు. వాడు రెండోసారి ఆ ప్రశ్న అడిగినప్పుడైనా నేను కుర్చీలోంచి లేచి ఆట ఆపించి ఉండవలసింది. అతిథిగా వచ్చినవాడిని, మధ్యలో కలగజేసుకోవడం మర్యాద కాదనుకున్నాను. ఆ తప్పు నాది, అందుకే ఇప్పుడు ఇంత పట్టుబట్టి రాస్తున్నాను.

ప్రపంచ రగ్బీ సంస్థ ఈ విషయంలో అనుమానానికి తావు లేకుండా చెప్పింది. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిందన్న అనుమానం వచ్చినా చాలు, ఆటగాడిని వెంటనే బయటికి తీసుకురావాలి, ఆ రోజు మళ్లీ ఆడించకూడదు. విశ్రాంతి తరువాత వైద్యుల సలహాతో మెల్లమెల్లగా మళ్లీ ఆటకు అలవాటు చేయాలి. తల పట్టుకోవడం, తూలడం, మగతగా చూడటం, అడిగిందే అడగడం, వాంతి, ఇవన్నీ గుర్తులు. స్పృహ తప్పితేనే దెబ్బ అనుకోవడం మనలో చాలామందికి ఉన్న అపోహ. బయటికి పంపే నిర్ణయాన్ని జట్టు కోచ్ చేతిలో పెట్టకూడదని నా అభిప్రాయం. గెలవాలన్న తపనలో ఉన్న మనిషికి తన మంచి ఆటగాడి కళ్లలోని మగత కనపడదు. ఏ బడితోనూ సంబంధం లేని డాక్టరో, నర్సో గీత పక్కన కూర్చోవాలి. వాళ్లు చెయ్యి ఎత్తితే రిఫరీ అయినా, ప్రధానోపాధ్యాయుడైనా మారు మాట్లాడకూడదు.

ఇక పట్టు సంగతి. కబడ్డీలో చీలమండ పట్టు, మోకాలి పట్టు, తొడ పట్టు మన పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చినవే. రైడర్‌ను గాలిలోకి లేపి పడేసే డిఫెండర్‌కు అక్కడ ఈలలు వేస్తారు. రగ్బీలో ఎదుటివాడిని లేపి కింద పడవేయడం పెద్ద తప్పు. భుజాల గీతకు పైన, అంటే మెడనో తలనో పట్టడం తప్పు. చేతులు చుట్టకుండా భుజంతో ఢీకొట్టడం కూడా తప్పే. పైగా కబడ్డీలో రైడర్ చిన్న గడిలో అటూఇటూ కదులుతాడు, రగ్బీలో బంతి పట్టినవాడు 50 మీటర్ల నుంచి పూర్తి వేగంతో వస్తాడు. అతని ముందు తల పెట్టి వంగినవాడికి మోకాలు తగలక మానదు. పట్టేవాడు తల పైకెత్తి చూస్తూ, తన చెంప ఎదుటివాడి పిరుదు వెనుక పక్కకు వచ్చేట్టు ఒరిగి, భుజం ఆనించి, రెండు చేతులతో గట్టిగా చుట్టి, అతనితో పాటే పడాలి. పడేవాడు చెయ్యి చాచి నేలకు ఊనకుండా, గడ్డం ఛాతీకి ఆనించి, బంతిని గుండెకు హత్తుకొని, పక్కకు దొర్లాలి. చెయ్యి ఊనితే మణికట్టో, జబ్బ ఎముకో విరుగుతుంది. ఇవి రెండు రోజుల శిబిరంలో వంటబట్టే విద్యలు కావు.

నేనైతే ఇలా చేస్తాను. బడులు తెరిచాక రెండు నెలలు పట్టు ఊసే ఎత్తకుండా, నడుముకు రెండు పక్కలా గుడ్డపేలికలు దోపుకొని, పేలిక లాగితే పట్టినట్టే అన్న లెక్కన ఆడిస్తాను. పరుగు, వెనక్కి బంతి వేయడం, ఖాళీ చూసి దూరడం అందులోనే వచ్చేస్తాయి. ఆ తరువాత లాంగ్‌జంప్ గుంతలోని ఇసుకలో, మొదట మోకాళ్ల మీద నిలబడి, ఆపై నడుస్తూ, చివరికి పరుగెత్తుతూ పట్టు నేర్పిస్తాను. ఏ పిల్లవాడు భయం లేకుండా, తల సరైన పక్కన పెట్టి పది పట్లు వరుసగా పట్టగలడో వాడి పేరే జట్టు జాబితాలో రాయాలి. ఆ పరీక్షను ఆ పిల్లవాడి పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) కాక పక్క మండలం పీఈటీ పెట్టాలి.

మైదానం గురించి పట్టణంలో ఉన్నవారికి తెలియని కష్టాలున్నాయి. మన బడుల ఆవరణలు చాలావరకు గరుసు నేలలు. కబడ్డీకి కోర్టు మేర దున్ని, నీళ్లు పట్టి మెత్తన చేసుకుంటాం గానీ 100 మీటర్ల మైదానాన్ని అలా చేయలేం. గడ్డి ఉన్న మైదానాలు ఎక్కడున్నాయో వెతుక్కుని అక్కడే పోటీ పెట్టాలి, లేదా 14 ఏళ్లలోపువారికి మైదానాన్ని చిన్నది చేసి ఆ మేరకైనా రాళ్లు ఏరించి నేల సిద్ధం చేయాలి. గీతలు వేయడానికి సున్నపు పొడి గానీ బ్లీచింగ్ పౌడర్ గానీ వాడవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. ఈ ఆటలో పిల్లలు ఆ గీతల మీదే ముఖం ఆనించి పడతారు. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ముగ్గుపిండి చాలు. బూట్ల విషయంలోనూ ఒక కట్టుబాటు ఉండాలి. ప్రైవేటు బడి పిల్లలు మేకుల్లాంటి స్టడ్లున్న బూట్లతో, ప్రభుత్వ బడి పిల్లలు ఉత్త కాళ్లతో ఒకే ఆటలో దిగడం నేను చూశాను. అందరికీ స్టడ్ల బూట్లు ఇప్పించగలిగితే మంచిది, లేనప్పుడు అందరూ కాన్వాస్ బూట్లతోనే ఆడాలి. పళ్లకు పెట్టుకునే మౌత్‌గార్డు, వేడినీళ్లలో మెత్తపరచి కొరికి అచ్చు తీసుకునే రకం, ప్రతి ఆటగాడికీ ఇవ్వాలి.

ఎనిమిది జట్లు వస్తాయనుకుందాం. నాలుగేసి జట్ల రెండు గ్రూపులైతే 12 ఆటలు, సెమీఫైనళ్లు రెండు, మూడో స్థానానికి ఒకటి, ఫైనల్ ఒకటి, మొత్తం 16. ఆటకు, జట్లు మారడానికి కలిపి 25 నిమిషాలు పెట్టుకుంటే ఒకే మైదానంలో 6 గంటల 40 నిమిషాలు పడుతుంది. అంటే ఉదయం ఏడింటికి మొదలుపెట్టినా ఫైనల్ మిట్టమధ్యాహ్నం ఎండలో పడుతుంది; అందులో ఆడేవాళ్లకు అది ఆ రోజు ఐదో ఆట. అలసిన పిల్లవాడి పట్టు సడలుతుంది, తల తప్పు పక్కకు పోతుంది. కనుక రెండు మైదానాల్లో శనివారం ఉదయం 7 నుంచి 9.30లోపు గ్రూపు ఆటలు ముగించి, మిగిలిన నాలుగు ఆదివారం ఉదయం పెట్టాలి. రాయదుర్గం, గుంతకల్లు, తాడిపత్రి వైపు నుంచి వచ్చే పిల్లలు శుక్రవారం రాత్రికే చేరుకుంటారు కాబట్టి వారికి పడక, భోజనం చూడాలి. అంత వసతి లేకపోతే అనంతపురం, గుంతకల్లు, కల్యాణదుర్గం డివిజన్లలో నాలుగేసి జట్లతో ఒక పూట పోటీలు పెట్టుకోవడం మరింత తేలిక. నెల మాత్రం నవంబరు, డిసెంబరే. వానల తరువాత నేల కొంత మెత్తగా ఉంటుంది, ఎండ తగ్గుతుంది, పదో తరగతివారికి మార్చి పరీక్షల ఒత్తిడి ఇంకా మొదలు కాదు.

వయసు ధ్రువీకరణతో పాటు బరువు కూడా చూడాలి. న్యూజిలాండ్ వంటి రగ్బీ దేశంలోనే పిల్లల ఆటల్లో బరువును లెక్కలోకి తీసుకునే పద్ధతి ఉంది; కబడ్డీలో బరువు తూచడం మన పీఈటీలకు అలవాటైన పనే. బాలికల పోటీని బాలుర ఫైనల్‌కు ముందు ఒక ప్రదర్శన ఆటగా సరిపెట్టవద్దు. ఎనిమిదో తరగతి తరువాత మైదానం వైపు రావడం మానేసిన ఆడపిల్లలను నా ఉద్యోగకాలంలో ఎందరినో చూశాను. వాళ్లలో కొందరు నేను నేర్పిన మగపిల్లలందరికంటే వేగంగా పరుగెత్తేవారు. వారికీ అన్నే జట్లు, అన్నే ఆటలు, అదే మైదానం, అదే ఉదయపు వేళ ఇవ్వాలి.

1969లో విన్సెంట్ ఫెర్రర్ ఈ జిల్లాకు వచ్చి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ వల్ల మన పల్లె పిల్లలకు హాకీ, ఫుట్‌బాల్, టెన్నిస్ దగ్గరయ్యాయి. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ ఆటల్లో ఎక్కువ భాగం జరిగినది ఆ సంస్థ మైదానాల్లోనే. ఆ పచ్చికను రెండు ఉదయాలు పాఠశాలల రగ్బీకి ఇవ్వవలసిందిగా సంస్థ పెద్దలను కోరుతున్నాను. శాలువాలకు, వేదికకు, ఫ్లెక్సీలకు అనుకున్న డబ్బును మౌత్‌గార్డులకు, బూట్లకు, రిఫరీల శిక్షణకు మళ్లించవలసిందిగా నిర్వాహకులకు విన్నవిస్తున్నాను. మైదానం పక్కన అంబులెన్స్ వచ్చి నిలబడనిదే మొదటి ఈల వేయకూడదన్న షరతును పోటీ ప్రకటనలోనే అచ్చువేయించాలి. ఇసుక గుంతలో పిల్లలకు పడటం నేర్పడానికి మనిషి కావాలంటే, ఏ మండలంలోని ఏ బడికైనా ఆదివారాలు నా ఖర్చుతో నేనే వస్తాను.

భవదీయుడు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
అనంతపురం