బెట్టను బెట్ట అనే రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ సేద్యం పేజీలో బత్తాయి మీద ఒక వ్యాసం వచ్చింది. పూత బాగా రావాలంటే చెట్లను ‘నీటి ఒత్తిడికి గురిచేయాలి’ అని అందులో ఉంది. అది చదివి, కొత్తగా తోట పెట్టిన మా వీధి రైతు ఒకాయన పేపరు పట్టుకుని వచ్చాడు. “సార్, మా డ్రిప్పులో ప్రెషర్ తక్కువ. మోటారు మార్చాలంటారా?” అని అడిగాడు.

ఆయన తప్పేం లేదు. నీటి ఒత్తిడి అనగానే ఎవరికైనా పైపులో నీళ్లు తోసుకొచ్చే జోరే గుర్తొస్తుంది. వ్యాసం చెప్పదలచుకున్నది మాత్రం నీళ్లు ఆపెయ్యమని! చలికాలంలో తడులు ఆపి, ఆకులు వడలి కొన్ని రాలాక, ఎరువులేసి మళ్లీ తడి ఇస్తే చెట్టంతా ఒక్కసారే పూతకొస్తుంది. దీన్ని రైతులు ‘బెట్ట’ అంటారు. వానలు మొహం చాటేసి పైరు ఎండిపోతున్నా అదే మాట. ఇంగ్లిష్‌లో ‘స్ట్రెస్’ అని ఉంది కాబట్టి బెట్ట కాస్తా ఒత్తిడి అయిపోయింది.

నేను ఇంటర్ తెలుగు మీడియం పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. అక్కడ స్ట్రెస్‌ను ‘ప్రతిబలం’ అంటాం. తీగకు బరువు వేలాడదీస్తే, సాగిన తీగ మళ్లీ మొదటి పొడవుకు రావాలని లోపల్నుంచి లాగుతుంది చూడండి, ఒక చదరపు మీటరుకు ఆ బలం ఎంతో చెప్పేదే ప్రతిబలం. ఎంత చక్కగా కుదిరిన మాట!

గుండె డాక్టర్లు రాసే స్ట్రెస్ టెస్ట్ ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసేది. దాన్ని ‘ఒత్తిడి పరీక్ష’ అని అచ్చేస్తే మనసుకు చేసే పరీక్ష అనుకోరా?

ఇంగ్లిష్ ఉచ్చారణలో ఇంకో చిక్కు. ‘రికార్డ్’ నామవాచకమైతే మొదటి భాగం మీద, క్రియ అయితే రెండోదాని మీద ఊనిక పడుతుంది. ఈ ఊనికనూ ఇంగ్లిష్‌లో ‘స్ట్రెస్’ అనే అంటారు. ‘ఒత్తి పలకాలి’ అని ఉన్న పాఠం చదివి మా మనవరాలు ‘రిఖార్డ్’ అంది. తెలుగు పిల్లకు ఒత్తు అంటే అదే మరి.

ఒత్తిడి అన్న మాట మీద నాకు కోపం లేదు. పరీక్షల ముందు పిల్లలు పడే టెన్షన్‌కు, నెలాఖరున ఉద్యోగి నలిగిపోవడానికి అదే సరైన మాట. అక్కడ తప్పకుండా వాడండి.

మా వైపు తోటలకు నీళ్లు ఆపే రోజులు దగ్గరపడుతున్నాయి. ఈలోగా ఆ వ్యాసంలోని మాటను సవరిస్తూ సేద్యం పేజీలో నాలుగు లైన్లు వేయగలరని కోరుతున్నాను.

– విశ్రాంత అధ్యాపకుడు, నల్గొండ జిల్లా