జీరో టికెట్ల లెక్క చాలదు

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళల ఉచిత ప్రయాణాలు 200 కోట్లు దాటిన సందర్భంగా 2025 జులైలో ఆర్టీసీ బస్టాండ్లలో సంబరాలు జరిగాయి. సంతోషమే. అయితే అది కండక్టర్లు ఇచ్చిన జీరో టికెట్ల, అంటే డబ్బు తీసుకోకుండా ఇచ్చే టికెట్ల లెక్క. ఆ టికెట్ వల్ల ఏ ఇంట్లో ఏం మారిందో అందులో కనిపించదు.

మా ఇంట్లో పనిచేసే ఆమె బోరబండ నుంచి అమీర్‌పేటకు వస్తారు. లోగడ షేర్ ఆటోకు రోజూ 40 రూపాయలయ్యేవి. ఇప్పుడా డబ్బు చీటీ కడుతున్నారు. అయితే ఆమె భర్త నడిపేదీ షేర్ ఆటోయే. ఆడవాళ్ల బేరాలు తగ్గి ఆయన రాబడి పడిపోయిందని, మొన్న చీటీ పాడుకున్నది ఆటో వాయిదాలు తీర్చడానికేనని ఆమె చెప్పారు. పక్కింటావిడ ఇంట్లోనే మిషన్ కుట్టుకుంటారు కనుక బస్సెక్కే పనే లేదు. రెండిళ్లను చూసి పథకం మంచిచెడ్డలు తేల్చలేమని, సర్వేల్లోనే ఉద్యోగమంతా గడిపి రిటైరైన నాకు తెలుసు. కానీ లాభనష్టాలు చూడాల్సింది టికెట్ దగ్గర కాదు, కుటుంబం మొత్తం మీద అని చెప్పడానికి ఆ రెండిళ్లు చాలు.

తెలంగాణలో బహుముఖ పేదరికం (ఆదాయాన్ని కాక ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణాల్లోని లోటును చూసే లెక్క) 2015-16లోని 13.18 శాతం నుంచి 2019-21 నాటికి 5.88 శాతానికి తగ్గిందని నీతి ఆయోగ్ 2023 నివేదిక చెబుతోంది. పేదరికం తగ్గిందని అది చెబుతుందే తప్ప, ఏ పథకం వల్ల ఎంత తగ్గిందో చెప్పదు. అది తెలియాలంటే పథకం అందిన ఇళ్లను, అలాంటివే అయి ఇంకా అందని ఇళ్లతో పోల్చాలి. ఈ పద్ధతి మన నగరానికి కొత్త కాదు. పేదలకిచ్చే చిన్న అప్పుల (మైక్రోఫైనాన్స్) ప్రభావం తేల్చడానికి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం హైదరాబాద్‌లోనే 104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో ఎంపికైన సగం బస్తీల్లో అప్పులిచ్చే సంస్థ శాఖలు ముందుగా తెరిపించి, మిగతా బస్తీలతో పోల్చి చూసింది. చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది గానీ ఇంటి నెలవారీ మొత్తం ఖర్చులో, పిల్లల చదువులో, ఆడవారి మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదని తేలింది. ఆ అప్పుల గురించి అప్పట్లో జరిగిన ప్రచారం వేరు.

రాష్ట్రమంతటా ఒకేసారి మొదలైన ఉచిత బస్సుకు ఈ పోలిక కుదరదు, నిజమే. విడతలవారీగా మంజూరయ్యే ఇందిరమ్మ ఇళ్లకు కుదురుతుంది. 2024 నవంబరులో మొదలైన సమగ్ర ఇంటింటి సర్వేలో వివరాలిచ్చిన కుటుంబాల్లో కొన్ని వేల ఇళ్లకు రెండేళ్లకోసారి మళ్లీ వెళ్లినా చాలా సంగతులు బయటపడతాయి.

వెళ్లినవారు ‘పథకం వల్ల మీకు మేలు జరిగిందా’ అని మాత్రం అడగరాదు. కార్డు పోతుందేమోనన్న భయంతో ఎవరైనా జరిగిందనే అంటారు. నిన్న రాత్రి ఏం వండారు, వడ్డీకి తెచ్చిన అప్పు ఎంత మిగిలింది, ఆసుపత్రి ఖర్చుకు ఏం తాకట్టు పెట్టారు అని అడగాలి. 2025 ఉగాది నుంచి ఇస్తున్న సన్నబియ్యం సంగతి తెలియాలంటే బియ్యం డబ్బా మూత తీసి చూడమనాలి. దొడ్డుబియ్యం రోజుల్లో రేషన్ పుస్తకంలో సరుకు తీసుకున్నట్టే ఉండేది. చాలా ఇళ్లలో అది దోసెల పిండికో, గుమ్మం ముందుకొచ్చిన వ్యాపారికో పోయేది.

ఈ పని పథకాన్ని నడిపే శాఖకే అప్పగించకుండా, బేగంపేటలోని సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) వంటి పరిశోధన సంస్థకు ఇచ్చి, ఫలితాలు ఎలా వచ్చినా బడ్జెట్ సమావేశాలకు ముందే ప్రకటించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉద్యోగి, అమీర్‌పేట, హైదరాబాద్