సంక్రాంతి సెలవులు, బండి కొనే ముందు నా మాట

అందరికీ నమస్తే. ముందు పని సంగతి. రామంతాపూర్‌లో మన బైక్ మెకానిక్ షాపు జనవరి 13 నుంచి 16 దాకా ఉండదు, 17న పొద్దున తొమ్మిదిన్నరకి తీస్తాను. బండి మీద ఊరెళ్లేవాళ్లు 11వ తేదీ లోపే సర్వీసింగ్‌కి ఇచ్చేయండి. పోయిన సంక్రాంతికి 12 సాయంత్రం ఒకేసారి పద్నాలుగు బండ్లు వచ్చి పడ్డాయి, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని చేశాం, అయినా ఒక బండికి చెయిన్ సరిగ్గా బిగించలేదు. మర్నాడు నార్కట్‌పల్లి దాటాక ఆయన ఫోన్ చేశాడు, చెయిన్ ఊడిపోయింది, పిల్లలతో రోడ్డు పక్కన నిలబడ్డామని. తప్పు మాదే. అందుకే ఈసారి రోజుకి ఎనిమిది బండ్లే తీసుకుంటా, ఎవరైనా బతిమాలినా తొమ్మిదోది తీసుకోను, ఏమీ అనుకోవద్దు.

ఇక ఈ నెలంతా నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, తక్కువలో మంచి పవర్ ఉన్న బండి ఏది?" చేతికి గ్రీజు పెట్టుకుని నిలబడి ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

బజాజ్ పల్సర్ ఎన్‌ఎస్ 200 ఇంజన్ 24.5 పీఎస్ ఇస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 ఇచ్చేది 20.2 బీహెచ్‌పీ. పీఎస్, బీహెచ్‌పీ రెండూ పవర్ కొలతలే, దాదాపు సమానం. కాగితం చూసి పల్సర్‌కే పవర్ ఎక్కువ అంటాం, నిజమే. కానీ ఆ పవర్ మొత్తం రావాలంటే ఇంజన్ 9,750 ఆర్‌పీఎం దాకా, అంటే నిమిషానికి అన్ని చుట్లు తిరగాలి. పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి వెళ్తూ అంత తిప్పే చోటు ఎక్కడుంది? హంటర్‌కి 27 ఎన్‌ఎం టార్క్, అంటే బండిని లాగే బలం, 4,000 ఆర్‌పీఎంకే అందుతుంది, పల్సర్‌కి 18.7 ఎన్‌ఎం, అదీ 8,000 దగ్గర. అంటే వెనక మనిషిని ఎక్కించుకుని మూడో గేరులో మెల్లగా పోతున్నా హంటర్ విసుక్కోకుండా లాగుతుంది. కాకపోతే అది 181 కిలోల బండి, పార్కింగ్‌లో వెనక్కి తోసేటప్పుడు తెలుస్తుంది. పల్సర్ దానికంటే ఇరవై కిలోల పైనే తేలిక, హైవే ఎక్కి గేర్లు సాగదీస్తే హాయిగా ఎగిరిపోతుంది.

బరువు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మా నాన్న యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంకా నా దగ్గరే ఉంది. 98 సీసీ, 11 హార్స్ పవర్, వంద కిలోల చిల్లర బరువు. 1996లో తయారీ ఆగిపోయిన బండి, సిగ్నల్ పచ్చ పడగానే ఇవాళ్టికీ దాని పికప్ చూస్తే ముచ్చటేస్తుంది. పవర్‌ని బరువుతో కలిపి చూడాలని నాకు నేర్పింది అదే.

పోయిన దసరాకి నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. ఫుడ్ డెలివరీ చేసే ఒక తమ్ముడు పవర్ కావాలన్నాడని సెకండ్ హ్యాండ్‌లో 200 సీసీ లిక్విడ్ కూల్డ్ (ఇంజన్‌ని ద్రవంతో చల్లబరిచే) బండి ఇప్పించా. రోజుకి పది గంటలు ఏం పని మీద తిరుగుతాడో అడగలేదు. ఆబిడ్స్, కోఠి ట్రాఫిక్‌లో రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరిగేది, సంపాదనలో సగం పెట్రోలుకే పోయేది. మూడు నెలలకి నష్టానికి అమ్ముకున్నాడు. అతనికి 125 సీసీ సరిపోయేది. అందుకే ఇప్పుడు షాపుకి ఎవరొచ్చినా ముందు రోజుకి ఎన్ని కిలోమీటర్లు, ఏ దారిలో, వెనక ఎవరు కూర్చుంటారు అనే అడుగుతున్నా, విసుక్కోకండి.

కొత్తది కొనేవాళ్లు 350 సీసీ గీత గుర్తుపెట్టుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40 శాతం. ఇన్సూరెన్స్‌లోనూ అంతే. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్) ఒకేసారి కట్టాలి కదా, 2022లో పెట్టిన రేట్ల ప్రకారం 150 దాటి 350 సీసీ వరకు 7,365 రూపాయలు, ఆపైన 15,117. డామినార్ 400 లాంటి బండి 40 పీఎస్ ఇస్తుంది, నాకూ చాలా ఇష్టం, కానీ నెలకి ఒక్కసారైనా హైవే ఎక్కనివాళ్లు దానికోసం ఈఎంఐ టెన్షన్ పెట్టుకోవద్దు. మన ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకుల్ని రానివ్వరు కూడా. ఖర్చు తక్కువ కావాలి, బండిలో చురుకు కూడా ఉండాలి అంటే అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీ ఒకసారి నడిపి చూడండి, 17.55 పీఎస్, సిటీకి బోలెడు.

పాత బండి చూడ్డానికి వెళ్తే ముందు ఇంజన్ మీద జాగ్రత్తగా చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాదన్న సంగతి దాచడానికి ముందే నడిపి పెట్టారేమో అని అనుమానించాలి. పోయిన వారం ఒక కస్టమర్‌తో ఉప్పల్ వెళ్లా, అమ్మే అతను "ఇప్పుడే కవర్ తీశా అన్నా" అన్నాడు, ఇంజన్ ముట్టుకుంటే చెయ్యి కాలింది. చల్లారేదాకా అరగంట టీ తాగుతూ కూర్చున్నాం. తర్వాత స్టార్టర్ నొక్కితే నాలుగోసారికి గానీ అందుకోలేదు, సైలెన్సర్ నుంచి నీలం పొగ, అంటే ఇంజన్ ఆయిల్ మండుతోందన్నమాట. కొనకుండా వచ్చేశాం. పెండింగ్ చలాన్లు, ఆర్‌సీలో ఫైనాన్స్ హైపోథికేషన్ (బండి మీద అప్పు ఉందన్న నమోదు) తీసేశారా లేదా కూడా చూసుకోండి.

పండక్కి ఊరంతా వెళ్లిపోయాక ఆ మూడు రోజులు హైదరాబాద్ రోడ్లు ఎంత బాగుంటాయో ఇక్కడ మిగిలిపోయేవాళ్లకే తెలుసు. పొద్దున్నే నాన్న బండి తీసి ట్యాంక్‌బండ్ దాకా వెళ్లొస్తా, ఏడాదంతా ఎదురుచూసేది దానికోసమే. కానీ ఆ రోజుల్లో టెస్ట్ రైడ్ చేసి మాత్రం బండి ఖాయం చేసుకోవద్దు. ఖాళీ రోడ్డు మీద ఏ బండైనా నచ్చుతుంది. 19 నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి షాపు దగ్గర రెండు బండ్లు నడిపి చూడ్డానికి ఉంచుతా, ఉప్పల్ చౌరస్తా దాకా ఆ రద్దీలోనే వెళ్లొద్దాం. లైసెన్స్, హెల్మెట్ తెచ్చుకోండి.